క్రిస్టల్ మార్చడానికి ఇంత ఆలోచనా?

కోయగూడెంలో పెళ్లయినా ఇప్పుడు పందిట్లో మోగేది ప్యాడే. ఇల్లందు వైపు వెళ్లినా, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా అదే వరస. ఎనిమిది రబ్బరు గళ్లున్న నల్ల పెట్టె, పక్కన ఒక కీబోర్డు, వెనక మనిషెత్తు స్పీకర్లు. వాయించేది ఆ గూడెం కుర్రాళ్లే. చేతులు వాళ్లవి, లయ వాళ్లది, రాత్రంతా కారే చెమట వాళ్లది. శబ్దం మాత్రం వాళ్లది కాదు. ఆ గళ్లలో తబలా ఉంది, డోలక్ ఉంది, కాంగా, బాంగో ఉన్నాయి. ఎక్కడో లాటిన్ అమెరికాలో పుట్టిన తాళవాద్యాలన్నీ ఉన్నాయి. గోదావరికి రెండు గట్ల మీదా తరతరాలుగా మోగుతున్న కొమ్ముకోయల డోలు లేదు.

దీనికి కుర్రాళ్లను తప్పుపట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పట్నంలో సభ పెట్టి, శాలువాలు కప్పించుకుని, 'ఆదివాసీ సంస్కృతి అంతరించిపోతోంది' అని మైకు ముందు గొంతు గద్గదం చేసుకునే పెద్దలు ఆ కుర్రాళ్ల పక్కన ఒక్క రాత్రి నిలబడి చూడాలి. డోలు దళాన్ని పిలవాలంటే పదిమందికి పైగా మనుషులు, వాళ్లకు బండి, భోజనం, కూలి కావాలి. ప్యాడూ కీబోర్డూ అయితే ఇద్దరు ముగ్గురితో పనైపోతుంది. పెళ్లివారు చూసుకునేది ఆ లెక్కే. కుర్రాళ్లు బతుకుతెరువు వెతుక్కున్నారు, అందులో తప్పేముంది?

నా తగువు వాళ్లతో కాదు, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లతో. చదువు చెప్పేవాళ్లతో, పాఠం రాసేవాళ్లతో, ల్యాబులో కిట్లు కొనేవాళ్లతో. కీబోర్డులు, ఆంప్లిఫయర్లు, ప్యాడ్లు బాగుచేసి ఖమ్మంలో బతుకుతున్నవాణ్ని నేను. ఈ తప్పు ఎక్కడ జరుగుతోందో నాకు సోల్డరింగ్ ఐరన్ మొనంత దగ్గరగా కనబడుతోంది.

ఆ నల్ల పెట్టెను ఒకసారి వెనక్కి తిప్పండి. కరెంటు తీగ గుచ్చేచోటికి పక్కనే గుండ్రటి సాకెట్ ఉంటుంది. అందులో అర్ధచంద్రాకారంలో ఐదు రంధ్రాలు, పైన 'మిడి అవుట్' అన్న అక్షరాలు. రిపేరుకు వచ్చే ప్యాడ్లలో గళ్లు అరిగిపోయి ఉంటాయి, నాబులు ఊడిపోయి ఉంటాయి, జాక్‌లు వదులైపోయి ఉంటాయి. ఈ సాకెట్ మాత్రం కొన్ననాటి మెరుపుతోనే ఉంటుంది, ఒక్కసారైనా అందులో తీగ పెట్టిన గుర్తుండదు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ మెరుపే.

ఎందుకంటే ఆ సాకెట్ ఒక తెరిచిన తలుపు. నలభై ఏళ్లకు పైగా తెరిచే ఉంది. 1981లో డేవ్ స్మిత్ అనే అమెరికన్ ఇంజనీరు, సహచరుడు చెట్ వుడ్‌తో కలిసి, ఏ కంపెనీ వాద్యమైనా మరో కంపెనీ వాద్యంతో మాట్లాడగలిగే పద్ధతిని ఆడియో ఇంజనీర్ల సభలో ప్రతిపాదించాడు. జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి కూడా అప్పటికే అదే దారి వెతుకుతున్నాడు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ తయారుచేసిన ప్రొఫెట్-600నీ రోలాండ్ జూపిటర్-6నీ ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద మెట్టు నొక్కితే రెండోది పలికింది. పోటీ కంపెనీలు రెండూ కలిసి ఆ పద్ధతిని మిడి అన్న పేరుతో లోకానికి వదిలేశాయి. వాడుకున్నందుకు ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. 2013లో ఆ ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. కకెహాషి పదహారేళ్ల వయసులో గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకుని, తర్వాత రేడియోల రిపేరులోకి వచ్చినవాడు. ఖమ్మం కమాన్‌బజార్‌లోనూ కొత్తగూడెం బస్టాండు పక్కనా అలాంటి కుర్రాళ్లు ఈరోజుకీ దుకాణాల్లో కూర్చుని ఉన్నారు.

ఇంతకీ ఆ తీగలో వెళ్లేది సంగీతం కాదు. శబ్దం అసలే కాదు. వెళ్లేవి అంకెలు మాత్రమే, అవీ ఒకదాని వెంట ఒకటి, సీరియల్‌గా. సెకనుకు 31,250 బిట్ల వేగం. మొదలుకు ఒక బిట్, సమాచారానికి ఎనిమిది, ముగింపుకు ఒకటి, పారిటీ లేదు. ఇది ప్రతి ఎలక్ట్రానిక్స్ విద్యార్థీ పరీక్షలో బొమ్మగీసి మార్కులు తెచ్చుకునే సీరియల్ పోర్టే, వేరే ఏదో వింత కాదు. ఒక దెబ్బకు మూడు బైట్లు. మొదటి బైటు ఏం జరిగిందో, ఏ చానెల్లో జరిగిందో చెబుతుంది. రెండోది ఏ స్వరమో, ఏ వాద్యమో చెబుతుంది. మూడోది ఎంత బలంగా కొట్టారో చెబుతుంది, 1 నుంచి 127 దాకా. పదో చానెల్లో తాళవాద్యం మోగాలంటే మొదటి బైటు 153. ఆ వెనకే వాద్యం అంకె, దాని వెనక బలం. అదే వాద్యానికి బలం సున్నా అని పంపితే శబ్దం ఆగుతుంది. మూడు బైట్లూ తీగ దాటడానికి పట్టే కాలం 960 మైక్రోసెకన్లు, అంటే సెకనులో వెయ్యోవంతు కూడా లేదు. పుల్ల తోలును తాకిన క్షణానికీ చెవికి వినబడే క్షణానికీ మధ్య ఈ ఆలస్యాన్ని ఏ మనిషీ పట్టలేడు.

ఈ ప్రాంతానికి సీరియల్ పోర్టు కొత్తదా? పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకెళ్లే లారీ వేబ్రిడ్జి ఎక్కుతుంది. బరువు చూపించే పెట్టె నుంచి సీరియల్ తీగ మీదుగానే ఆ అంకె కంప్యూటర్లోకి పోతుంది. బొగ్గు తూకమైనా అంతే. థర్మల్ కేంద్రాల్లో, ఫ్యాక్టరీల్లో మీటర్లూ సెన్సర్లూ మాట్లాడుకునే మోడ్‌బస్ 1979 నాటిది, మిడి కన్నా నాలుగేళ్లు పెద్దది. అదీ సీరియల్ తీగల మీద పుట్టిందే. ఈ అడవి నుంచి వెళ్లే కర్రను తూచడానికి సీరియల్ పోర్టు వచ్చింది, బొగ్గును తూచడానికి వచ్చింది. ఈ అడవి మనిషి డోలు కోసం మాత్రం ఆ పోర్టులోకి ఒక్క బైటూ రాలేదు. తెలియక ఇలా జరిగిందంటే నేను నమ్మను. ఇక్కడి నుంచి ఏం తీసుకుపోవాలో తెలిసినవాళ్లకు ఇక్కడ ఏం విలువైనదో పట్టలేదు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాలిటెక్నిక్ ల్యాబులో సీరియల్ పోర్టు పాఠం ఎలా చెబుతారో చూడండి. బల్ల మీద 8051 మైక్రోకంట్రోలర్ కిట్. దాని మీద 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. టైమర్ 1లో 253 వేస్తే 9,600 బాడ్ వస్తుంది. ఎదురుగా కంప్యూటర్ తెర. విద్యార్థి ప్రోగ్రాం రాసి రన్ చేస్తే తెర మీద 'ఎ' అన్న ఇంగ్లిషు అక్షరం పడుతుంది. పడగానే రికార్డు బుక్కులో 'ఫలితం సరిచూడబడినది' అని రాస్తాడు. సార్ సంతకం పెడతాడు. ప్రయోగం అయిపోయింది. ఆ అక్షరం తెర మీద పడినందువల్ల లోకంలో ఎవరికి ఏం ఒరిగింది? ఆ పిల్లవాడికి ఏం అర్థమైంది? నేను అడిగిన పిల్లల్లో చాలామందికి ఆ క్రిస్టల్ 11.0592 ఎందుకయిందో, 12 ఎందుకు కాలేదో తెలియదు. పుస్తకంలో అలా ఉంది, కిట్ మీద అలా ఉంది.

కారణం చెబుతాను. 9,600 సరిగ్గా రావాలంటే 11.0592 కావాలి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే 9,600కి దగ్గర్లో వచ్చే వేగం ఏడెనిమిది శాతం తేడాగా వస్తుంది, అక్షరాలు చెత్తగా పడతాయి. అందుకే మాస్టార్లు 12ను పక్కన పడేస్తారు. కానీ అదే 12 మెగాహెర్ట్జ్‌ను 8051 లోపలి లెక్క 12తో భాగిస్తుంది, ఒక మెగాహెర్ట్జ్ మిగులుతుంది. టైమర్ 1ను ఆటో రీలోడ్‌లో పెట్టి 255 వేస్తే దాన్ని 32తో భాగిస్తుంది. పది లక్షలను 32తో భాగించి చూడండి. 31,250! ఒక్క బిట్ అటూ ఇటూ లేకుండా మిడి వేగం. మిడి వేగాన్ని అలా ఎంచుకున్నదే ఒక మెగాహెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే సులువుగా వస్తుందని. అంటే మన ప్రతి పాలిటెక్నిక్‌లో, ప్రతి డిగ్రీ కాలేజీ ల్యాబులో దుమ్ముపట్టి ఉన్న ఆ కిట్, రెండు కాళ్ల చిన్న క్రిస్టల్ మారిస్తే చాలు, ప్రపంచంలోని ఏ మిడి సింథసైజర్‌తోనైనా మాట్లాడగలదు. ఆ క్రిస్టల్ ఖరీదు టీ డబ్బులంత. ఐదు కాళ్ల సాకెట్, రెండు 220 ఓమ్ రెసిస్టర్లు కలిపినా హోటల్లో టిఫిన్ ఖర్చు దాటదు.

8051 పాతదైపోయిందంటారా, సరే. ఆర్డునో బోర్డు మీద 16 మెగాహెర్ట్జ్ ఉంటుంది, అందులోనూ 31,250 తేడా లేకుండా వస్తుంది. ఒక్క లైను రాస్తే చాలు. పాత డెస్క్‌టాప్ కామ్ పోర్టు మాత్రం కుదరదు. దాని గడియారం నుంచి 38,400 వస్తుంది, 28,800 వస్తుంది, మధ్యలో ఉన్న 31,250 రాదు. అందుకే కంప్యూటర్ వైపు యూఎస్‌బీ మిడి తీగ కొనుక్కోవాలి, అదీ ఆన్‌లైన్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇవన్నీ సాధ్యాసాధ్యాల చర్చలు కావు, ఒక మధ్యాహ్నం ల్యాబులో తేలిపోయే పనులు.

నేను చేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మణుగూరు దాటాక ఒక గూడెంలో డోలు వాయించే పెద్దాయన్ని అడిగి, ఆయన డోలుకు రెండు వైపులా పీజో బిళ్లలు అంటించాను. ఇత్తడి రేకు మీద తెల్లటి పూత ఉండే బిళ్ల, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. తోలు అదిరితే దాని నుంచి కరెంటు పుడుతుంది. రెండు చివరలకూ అడ్డంగా మెగాఓమ్ రెసిస్టర్ వేసి, వోల్టేజి పెరిగి చిప్పు మాడిపోకుండా జీనర్ డయోడ్ పెట్టి మైక్రోకంట్రోలర్‌కు కలిపాను. అక్కడి నుంచి నాకు పాఠం మొదలైంది. ఆయన కుడివైపు పుల్లతో కొడితే ఎడమవైపు బిళ్ల కూడా 'నన్నూ కొట్టారు' అంటుంది. రెండు తోళ్లకూ మధ్య ఉన్నది ఒకే గాలి, ఒకే చెక్క గనక ఒకటి అదిరితే రెండోదీ అదురుతుంది. అందుకే ఒక బిళ్ల పలకగానే బైటు పంపకూడదు. రెండు మూడు మిల్లీసెకన్లు ఆగి, రెండిట్లో ఏది ఎక్కువ లేచిందో చూసి అప్పుడు పంపాలి. మరీ ఎక్కువసేపు ఆగితే ఆలస్యం చెవికి తెలుస్తుంది, ఆగకపోతే ఒక దెబ్బ రెండుగా మోగుతుంది. తోలు ఊగిసలాట ఆగేదాకా కొత్త దెబ్బ లెక్కించకూడదు. అలాగని ఎక్కువసేపు చెవులు మూసుకుంటే ఆయన జోరందుకుని కొట్టే వరస దెబ్బల్లో సగం పోతాయి. పుల్ల దెబ్బ సూదిలా లేచి పడిపోతుంది. అరచేతి దెబ్బ మెల్లగా, వెడల్పుగా లేస్తుంది. ఆ తేడాను ప్రోగ్రాం పట్టుకుంటే రెండిటికీ రెండు వేర్వేరు స్వరసంఖ్యలు ఇవ్వొచ్చు. అరచెయ్యి తోలు మీదే ఉంచి గొంతు నొక్కిన దెబ్బ మూడోది.

ఏ పాఠ్యపుస్తకం నేర్పుతుంది ఈ పాఠాన్ని? సెన్సర్, అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్పిడి, టైమర్, ఇంటరప్టు, సీరియల్ పోర్టు, అన్నీ ఒకే పనిలో ఉన్నాయి. ల్యాబులో ఏడీసీ 0808 ఒక వారం, టైమర్ ఒక వారం, సీరియల్ ఇంకో వారం విడివిడిగా చేయించి, ఒకదానితో ఒకటి ఎందుకు కలుస్తుందో చెప్పకుండా పరీక్షకు పంపేస్తున్నారు. డోలు ఒక్కటి బల్ల మీద పెడితే మొత్తం సిలబస్ ప్రాణం పోసుకుంటుంది.

ముందే ఆ డోలు దెబ్బలన్నీ రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఉంచాను. పెద్దాయన మనవడు పక్కనే ఉన్న ప్యాడ్‌ను యూఎస్‌బీ మిడి తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి రబ్బరు గడి మీద కొట్టాడు. స్పీకర్లో వాళ్ల తాత డోలు మోగింది. తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: 'ఇందులో నా ఎడమచెయ్యి ఏది సారూ?' నేను ఎడమవైపు దెబ్బలను ఒకే రికార్డింగుతో సరిపెట్టేశాను, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా అదే శబ్దం, హెచ్చుతగ్గులు మాత్రమే. ఆయన చెవి దాన్ని మొదటి నిమిషంలోనే పట్టేసింది. ఇంకెవరైనా ఈ పని చేయబోతే ఆ ప్రశ్న అడిగే హక్కున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. బలానికి తగ్గ రికార్డింగులు వేర్వేరుగా, ఒక్కో చేతికి విడివిడిగా, ఆయన 'ఆఁ, ఇదీ' అనేదాకా చేయాలి.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ డోలు మీద పాడగలిగిన మనిషి. 2024లో కన్నుమూశారు. ఇలాంటి మనిషి పోయిన ప్రతిసారీ మన వ్యవస్థ చేసేదొక్కటే. ఒక సంతాపం, ఒక ఫొటో, యూట్యూబ్‌లో ఒక వీడియో, మ్యూజియంలో అద్దాల వెనక ఒక డోలు. దాన్ని భద్రపరచడం అంటున్నారు. అద్దం వెనక డోలును ఎవరూ కొట్టరు, వీడియోలోని డోలుతో ఎవరూ కొత్త పాట కట్టలేరు. పిల్లల చేతికి దొరికి, వాళ్లు దానితో రేపటి పెళ్లిలో ఇంకో రకంగా వాయించగలిగినప్పుడే శబ్దం బతికి ఉన్నట్టు లెక్క.

దీనికి రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వస్తాయి. మొదటిది సంప్రదాయం పేరు చెప్పేవాళ్లది: యంత్రంలో పెడితే డోలు చచ్చిపోతుంది అని. పందిట్లోకి యంత్రం వచ్చి ఎన్నేళ్లయింది? అది వెనక్కి పోదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఆ యంత్రంలో ఎవరి శబ్దం ఉండాలి అన్నది. అసలు డోలు జాతరలో, పండగలో, దేవర ముందు మోగాల్సిందే, దాని చోటు దానిదే. కరెంటు పెట్టె మోగేచోట మాత్రం ఊరూపేరూ లేని డబ్బా శబ్దానికి బదులు ఆ గూడెం శబ్దం మోగితే దేనికి నష్టం?

రెండో అభ్యంతరంలో పస ఉంది. మిడి అనేది కీబోర్డు మనసుతో పుట్టిన భాష. మెట్టు నొక్కారు, మెట్టు వదిలారు, సప్తకానికి పన్నెండు సమాన భాగాలు, ఇదీ దాని ప్రపంచం. గమకం, జారుడు, కిన్నెర మెట్ల సొంత శ్రుతి, రేల పాటలో స్త్రీల గొంతులు కలిసి ఊగే తీరు దానికి సహజంగా అందవు. ఇది నిజం. కానీ ఆ భాషను పెంచుకునే దారులు ఆ భాషలోనే పెట్టారు. స్వరాన్ని వంచే సందేశానికి 14 బిట్లు ఉన్నాయి, అంటే 16,384 మెట్లు. శ్రుతిని మనకు నచ్చినట్టు మార్చుకునే ప్రమాణం 1992 నుంచీ ఉంది. ఒక్కో వేలికి విడిగా స్వరం వంచుకునే ఎంపీఈ పద్ధతి 2018లో ప్రమాణమైంది. 2020లో మిడి 2.0 వచ్చింది. ఇవన్నీ ఎవరో అడిగితే వచ్చాయి, తమ వాద్యానికి ఇది చాలదని తమ అవసరాన్ని బల్ల మీద పెట్టినవాళ్ల వల్ల వచ్చాయి. మనం ఏనాడు అడిగాం? ప్రపంచంలోని పెద్ద చిప్పు కంపెనీలన్నిట్లో తెలుగువాళ్లు ఉన్నారు, ఫర్మ్‌వేర్ రాసేవాళ్లలో మనవాళ్లే ఎక్కువని గొప్పలు చెప్పుకుంటాం. ఆ చేతుల్లో ఒక్కటి మన డోలు వైపు తిరిగిందా?

తిరిగితే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. బెంగళూరులో హెచ్ఏఎల్‌లో పనిచేసిన ఇంజనీరు, వేణువు వాయించే జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు, రాడెల్ కంపెనీ పెట్టారు. శ్రుతిపెట్టె, తాళం పెట్టె ఈరోజు కచేరీ వేదిక మీదా సంగీతం టీచరు ఇంట్లోనూ ఉన్నాయంటే ఆ ఒక్క మనిషి పట్టుదల అందులో చాలా ఉంది. శాస్త్రీయ సంగీతానికి తన ఇంజనీరు దొరికాడు. భారతీయ మార్కెట్ కోసమే యమహా, కాసియో కంపెనీలు తబలా, సితార్, హార్మోనియం శబ్దాలు నింపిన కీబోర్డులు వేరే మోడళ్లుగా అమ్ముతున్నాయి. కొనేవాడు ఉన్నచోటికి కంపెనీ వస్తుంది. కోయ డోలు కోసం ఏ కంపెనీ రాదు, రావాలని ఎదురుచూడడం దండగ. ఆ పని ఇక్కడి జిల్లాల్లో చదువుకున్న పిల్లలే చేయాలి.

చేసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. అది నన్ను మిగతా అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతోంది. ఊరూపేరూ లేకుండా 'ట్రైబల్ డ్రమ్స్' అన్న పేరుతో శబ్దాల పొట్లాలు ఆన్‌లైన్లో డాలర్లకు అమ్ముడుపోతున్న కాలమిది. ఎవరి డోలు, ఏ ఊరు, ఎవరి చెయ్యి అన్న ప్రస్తావనే ఉండదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు మొదట నిర్మాతది. నిర్మాత అంటే రికార్డు చేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. ఆ హక్కు 60 ఏళ్లు నడుస్తుంది. డోలు కొట్టిన పెద్దాయనకు 38వ సెక్షన్ కింద ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంది, 2012 సవరణతో వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే వీలూ, తన పేరు చెప్పమనే హక్కూ వచ్చాయి. కానీ కాగితం చదవకుండా వేలిముద్ర వేయించుకుంటే అవన్నీ చట్టం పుస్తకంలోనే ఉండిపోతాయి. మైకు పట్టుకుని మంచి మనసుతోనే గూడేనికి వెళ్లిన పరిశోధకుడు కూడా చట్టం కళ్లలో యజమాని అయిపోతున్నాడు, అతనికి ఆ ఉద్దేశం ఉన్నా లేకపోయినా. నేను రికార్డు చేసినవాటికి ముందే రాసి ఇచ్చాను: చొరవా బాధ్యతా వాయించినవారివే, నేను తీగలు కలిపిన పనివాణ్ని మాత్రమే అని. ఆ ఫైళ్లు పెట్టిన పెన్‌డ్రైవ్ ఆ ఇంట్లోనే ఉంది. వాళ్లు ఇస్తేనే ఎవరికైనా ఇస్తాను.

కాబట్టి అడగాల్సినవాళ్లను పేరుపెట్టే అడుగుతున్నాను. రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి సిలబస్ రాసేవారికి: సీరియల్ పోర్టు ప్రయోగంలో తెర మీద అక్షరం పడితే చాలన్న పాఠం తీసేయండి, దాని చోట మిడి పెట్టండి, ఏ వాద్యం ఎంచుకోవాలో ఆ జిల్లా విద్యార్థికే వదిలేయండి. ఆదిలాబాద్ పిల్లలు గుస్సాడీ వాద్యాలు తెచ్చుకుంటారు, పాలమూరు పిల్లలు కిన్నెర తెచ్చుకుంటారు. కొత్తగూడెం, భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం కాలేజీల మాస్టార్లకు: మీ అలమరాలో కిట్లు ఉన్నాయి, అనుమతి కోసం ఫైలు నడపక్కర్లేదు, వచ్చే సెమిస్టర్‌లో ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టండి. కొమ్ముకోయ కళాకారుణ్ని ఆ ల్యాబుకు అతిథిగా కాకుండా పరీక్షకుడిగా పిలవండి. మార్కు ఆయన వేయాలి, దానికి గౌరవ వేతనం కాలేజీ ఇవ్వాలి. భద్రాచలం ఐటీడీఏ అధికారులకు: మ్యూజియం కట్టిన చేతులతోనే ప్రతి గూడెం డోలు సంఘానికి ఒక రికార్డరూ, ఒక పాత ల్యాప్‌టాపూ, యజమానులు వాళ్లేనని తెలుగులో రాసిన ఒప్పందపత్రమూ ఇవ్వండి. ఆ పత్రం చేతిలో పెట్టి, చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే ఎవరైనా రికార్డింగు బటన్ నొక్కాలి.